ధర ఎవరిని అడగాలి?

ఇరవై ఏళ్ల కిందట, ఇంకా పీహెచ్‌డీలో చేరకముందు, మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సర్వే కోసం ధరలు సేకరించే పని చేశాను. వారానికొక సంత, సంతను ఆనుకుని రెండు మూడు కిరాణా దుకాణాలు. చేతిలో ఫారం. ఫారంలో ఒక పక్క సరుకుల పేర్లు, ఎదురుగా గళ్లు. ఒక దుకాణంలో కందిపప్పు కిలో ఎంతని అడిగితే దుకాణదారు చెప్పాడు, నేను రాసుకున్నాను. పక్కన నిలబడి ఉన్న ఒక కూలి ఆమె నవ్వి, "అమ్మా, అది కిలో కొనెటోళ్ల ధర. నేనెన్నడన్న కిలో కొన్ననా? వంద గ్రాములు కొంట, అది గూడ ఉద్దెర. నా ధర వేరే ఉంటది" అంది. దుకాణదారు నవ్వాడు. నేనూ నవ్వాను. ఫారంలో ఆమె ధరకి గడి లేదు.

ఆమె మాట ఈమధ్య తరచుగా గుర్తుకొస్తోంది. కారణం, కొన్నేళ్లుగా నేను యుద్ధ ప్రాంతాల నుంచి నెలనెలా వెలువడే మార్కెట్ రిపోర్టులు చదువుతున్నాను. యెమెన్‌లో సబ్బు ఎంత, ఉత్తర సిరియాలో రొట్టె ఎంత, సోమాలియాలో జొన్నలు ఎంత. చూడటానికి ఇవి పొడి పొడి అంకెల పట్టికలు. కానీ ఆ అంకెల మీద ఆధారపడే, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఒక కుటుంబానికి ఈ నెల ఎంత డబ్బు ఇవ్వాలో నిర్ణయమవుతుంది. యుద్ధాల్లో, కరువుల్లో చిక్కుకున్నవాళ్లకి బియ్యం, పిండి, నూనె మోసుకెళ్లి పంచడం ఒక్కటే సహాయం అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ప్రపంచంలో అందుతున్న మానవతా సహాయంలో సుమారు ఐదో వంతు నగదుగానో, కూపన్లుగానో వెళ్తోంది. బజారు పనిచేస్తున్నచోట డబ్బే మేలు అన్న వాదనతో నాకు పేచీ లేదు. ఏం కొనాలో నిర్ణయించుకునే హక్కు ఆకలితో ఉన్న మనిషికి ఉండాలి. ఎవరో పంచిన పప్పుని సగం ధరకి అమ్మి బిడ్డకి మందు కొనే దుస్థితి కంటే మందుకి డబ్బివ్వడం నయం.

ఈ నగదు సహాయం మీద స్త్రీవాదులం చాలా మాట్లాడాం. డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, భర్త పేరు మీద కార్డుంటే భార్యకి అందుతుందా, డబ్బు అందుకున్న స్త్రీ మీద ఇంట్లో దెబ్బలు పెరుగుతాయా తగ్గుతాయా, ఇవన్నీ అడిగాం. అడగవలసిన ప్రశ్నలే. కానీ 'ఎంత' అన్న ప్రశ్నని మాత్రం లెక్కలవాళ్లకి వదిలేశాం. అది కేవలం కూడికలు, తీసివేతలు అనుకున్నాం. నా అభ్యంతరం అక్కడే. ఆ 'ఎంత' లోపలే స్త్రీల శ్రమ, స్త్రీల అప్పు, స్త్రీల శరీరం మాయమైపోతున్నాయి.

ధరని చూసి సహాయాన్ని కొలవడం కొత్త విద్య కాదు. 1876-78లో రాయలసీమని ఊడ్చేసిన ధాత కరువు కాలంలో కరువు పనులకి వచ్చేవాళ్లకి కూలి ఎంతివ్వాలన్నది పెద్ద వివాదం. వైస్రాయ్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకి కుదించాడు. పౌను అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ఆడవాళ్లకి, పనిచేసే పిల్లలకి అంతకంటే తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఆ తిండితో రోజంతా పనిచేసే మనిషి బతకడని వాదించాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ తగాదా ఇద్దరు దొరల మధ్య వాదంగానే మిగిలింది. కంకర కొట్టిన ఆడవాళ్లకి తక్కువ ఎందుకు సరిపోతుందని లెక్క కట్టారో, ఇంటికొచ్చాక ఆ ధాన్యాన్ని దంచి, నీళ్లు తెచ్చి, వండే పనిని ఎందులో కలిపారో ఎవరూ అడగలేదు.

తర్వాత 1943 బెంగాల్ కరువు గురించి అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకం ఆలోచననే మలుపు తిప్పింది. తిండి లేకపోవడం వేరు, తిండిని కొనే శక్తి లేకపోవడం వేరు అని ఆయన చూపించాడు. యుద్ధకాలపు ధరలు పెరిగాయి, కూలి పెరగలేదు, లక్షలాదిమంది చచ్చిపోయారు. బజారులో ధాన్యం ఉండగానే మనుషులు ఆకలితో చావొచ్చు అన్న ఈ గ్రహింపే ఇవాళ్టి నగదు సహాయానికి పునాది. కాబట్టి ధరల పరిశోధన చిన్న విషయమని నేననడం లేదు. 2011లో సోమాలియాలో ఏం జరిగిందో చూడండి. 2010 మొదట్లోనే దక్షిణ సోమాలియాలోని చాలా ప్రాంతాల నుంచి ప్రపంచ ఆహార కార్యక్రమం వెళ్లిపోవలసి వచ్చింది. 2011 జులై 20న ఐక్యరాజ్యసమితి కరువుని ప్రకటించేనాటికి జొన్నల ధర కూలివాళ్లకి అందకుండా పోయి నెలలయింది. డబ్బు పంపితే ధరలు ఇంకా పెరుగుతాయని, డబ్బు సాయుధుల చేతుల్లో పడుతుందని తర్జనభర్జనలు సాగాయి. చివరికి హవాలా వ్యాపారుల ద్వారా డబ్బు పంపారు. వ్యాపారులు సరుకు తెచ్చారు, వర్షాలూ పడ్డాయి, ధరలు దిగాయి. కానీ 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ లోపు సుమారు 2 లక్షల 60 వేల మంది పోయారు. వాళ్లలో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు. ధరలు గోల పెడుతున్నా వినడంలో ఆలస్యమైతే ఏమవుతుందో అది.

ఇంకొకటి కూడా సోమాలియాలో తేలింది. డబ్బు అందుకున్న కుటుంబాలు దానిలో చెప్పుకోదగ్గ భాగాన్ని దుకాణాల బాకీ తీర్చడానికి కట్టాయి. కొందరు దాతలు దీన్ని చూసి పెదవి విరిచారు, తిండికిచ్చింది అప్పుకి పోయిందని. అప్పు తీరిస్తే తప్ప దుకాణదారు మళ్లీ జొన్నలు ఇవ్వడని మనలో ఏ ఇల్లాలికైనా తెలుసు.

ఇక ఈ ధరలు ఎలా సేకరిస్తారో చెప్తాను. యెమెన్‌నే తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ ఈ పద్ధతిలోని బలమూ, గుడ్డితనమూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

2014 సెప్టెంబరులో హౌతీలు రాజధాని సనాని పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబులు మొదలయ్యాయి. తినే గోధుమల్లో 90 శాతం పైగా ఓడల మీద రావలసిన దేశం అది. రేవు మూసినా, ఓడ ఆలస్యమైనా, డాలరు పెరిగినా ఆ దెబ్బ నేరుగా రొట్టె మీద పడుతుంది. 2016 సెప్టెంబరులో కేంద్ర బ్యాంకుని సనా నుంచి ఏడెన్‌కి మార్చారు. అప్పటి నుంచే టీచర్లకీ నర్సులకీ గుమాస్తాలకీ, దేశంలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులకి జీతాలు ఆగిపోయాయి. 2017లో కలరా విరుచుకుపడింది. ఆ డిసెంబరు నాటికి అనుమానిత కేసులు 10 లక్షలు దాటాయి. అలాంటిచోట సబ్బు ధర, నీళ్ల ధర అంటే ప్రాణానికి కట్టే ధరే.

అందుకే అక్కడ అనేక సంస్థలు కలిసి 2018 నుంచి ఒకే ఫారంతో ధరలు సేకరించడం మొదలుపెట్టాయి. పెట్రోలు, డీజిలు, తాగే నీళ్లు, ట్యాంకరు నీళ్లు, సబ్బు, బట్టల పొడి, శానిటరీ నాప్‌కిన్లు, తర్వాత తిండి సరుకులు. సర్వేకి వెళ్లినవాళ్లు ఒక్కో సరుకుకి మూడు నాలుగు దుకాణాల్లో ధర అడుగుతారు. దుకాణంలో ఉన్నవాటిలో చవక రకం ధర రాసుకుంటారు. వచ్చిన ధరల్లో మధ్యదాన్ని తీసుకుంటారు. ఒక కుటుంబం నెలంతా బతకడానికి కావలసిన కనీస సరుకుల చిట్టా ఒకటి ముందే తయారుగా ఉంటుంది. ధరల్ని ఆ చిట్టాతో గుణిస్తే మొత్తం వస్తుంది. ఇవ్వవలసిన డబ్బుకి అదే కొలమానం. పద్ధతి సులువు, ఖర్చు తక్కువ, నెల తిరిగేలోపు ఫలితం వస్తుంది. తుపాకుల మధ్య ఇంత పని క్రమం తప్పకుండా జరగడమే గొప్ప. ఆ పని చేసే యెమెనీ యువతీ యువకుల మీద నాకున్నది గౌరవమే.

కానీ అడుగుతున్నది ఎవరిని? దుకాణదారుని. అతను మగవాడు. అడుగుతున్నది ఎవరు? ఎక్కువ చోట్ల మగవాడే. హౌతీల పాలనలో ఉన్న ప్రాంతాల్లో స్త్రీ ప్రయాణం చేయాలంటే మహ్రమ్ తోడుండాలి. అంటే తండ్రో, భర్తో, అన్నదమ్ముడో, కొడుకో. 2022 నుంచి ఈ నిబంధనని సహాయ సంస్థల్లో పనిచేసే స్త్రీల మీద మరీ కఠినంగా రుద్దారు. సంస్థ ఒక స్త్రీని సర్వేకి పంపాలంటే ఆమె తమ్ముడికి కూడా బస్సు చార్జీ, భోజనం ఖర్చు పెట్టుకోవాలి. పెట్టలేని సంస్థ ఏం చేస్తుంది? మగవాళ్లని పంపుతుంది. అలా ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి శానిటరీ నాప్‌కిన్ ధర అడిగి రాసుకొచ్చిన అంకె మన చేతికొస్తుంది. ఆ సరుకుని ఆ ఊళ్లో స్త్రీలు ఆ దుకాణంలోనే కొంటారా, చిన్నపిల్లని పంపి తెప్పించుకుంటారా, ఇంటింటికీ తిరిగి అమ్మే ఆవిడ దగ్గర తీసుకుంటారా, డబ్బుల్లేక పాతగుడ్డతో సరిపెట్టుకుంటారా అన్నది అంకెలో ఉండదు.

అసలు ఆ నాప్‌కిన్లు చిట్టాలోకి రావడమే ఒక గెలుపు, ఒప్పుకుంటాను. ఉత్తర సిరియాకి వేసిన చిట్టాలో ఆరుగురి కుటుంబానికి నెలకి పదేసి ఉండే ప్యాకెట్లు నాలుగు. ఆ కుటుంబంలో తల్లి, ఇద్దరు కూతుళ్లు, ఆడపడుచు ఉంటే మనిషికి ఒక ప్యాకెట్. గుడారంలో, నీళ్లు కొనుక్కునే చోట, పది చాలతాయా అని నేను లెక్క చెప్పక్కర్లేదు. ఆ చిట్టాలోనే నెలకి 37 కిలోల రొట్టె, 25 లీటర్ల ఇంధనం అని నిక్కచ్చిగా ఉంది. కడుపుకి కొలత దొరికినంత తేలిగ్గా దీనికి దొరకలేదు.

నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. ట్యాంకరు నీళ్ల ధర అయితే ఫారంలోకి ఎక్కుతుంది. ట్యాంకరుకి డబ్బు పెట్టలేని కుటుంబంలో ఆడవాళ్లు, ఆడపిల్లలు బావి దాకా నడిచి మోసుకొస్తారు. ఆ నీళ్లకి ధర లేదు. అంటే పట్టిక ప్రకారం అవి ఉచితం. వంట గ్యాస్ కూడా అంతే. యెమెన్‌లో గ్యాస్ దొరకని నెలలున్నాయి. ఆ నెలల్లో స్త్రీలు కట్టెలకి వెళ్లారు, ప్లాస్టిక్కూ అట్టముక్కలూ ఏరి పొయ్యిలో పెట్టారు. ఫారంలో మాత్రం 'దొరకలేదు' అని రాసి ఉంటుంది. సరుకు దొరకనప్పుడు దాని స్థానంలోకి వచ్చేది స్త్రీ శ్రమ. బజారు ఆగిపోయినచోట ఆమె నడక మొదలవుతుంది. ఆర్థికశాస్త్రంలో ఇంటి పనికి విలువ కట్టరని ఎన్నేళ్లుగానో పోట్లాడుతున్నాం. యుద్ధంలో ఆ పోట్లాట మరీ నిక్కచ్చిగా ఎదురొస్తుంది. ఏ నెల ఆమె చాకిరీ రెట్టింపయిందో ఆ నెలే చిట్టా ఖర్చు తగ్గినట్టు కనిపించవచ్చు.

బజారుకి వెళ్లడానికయ్యే ఖర్చు సంగతి తయిజ్ నగరాన్ని చూస్తే అర్థమవుతుంది. నగరం ప్రభుత్వం చేతిలో, పక్కనే ఉన్న హౌబాన్ ప్రాంతం హౌతీల చేతిలో. యుద్ధానికి ముందు పది పదిహేను నిమిషాల దారి. 2015లో ఆ రోడ్డు మూతపడింది. కొండల మీదుగా చుట్టు తిరిగి వెళ్లడానికి గంటలు పట్టేది. 2024 జూన్‌లో గానీ అది తెరుచుకోలేదు. ఆ తొమ్మిదేళ్లు హౌబాన్‌లో పిండి ధర ఒకటి, నగరంలో ఇంకొకటి. ఏ బజారు ధర రాయాలి? అవతలి బజారు చవకే, కానీ అన్ని చెక్‌పోస్టులు దాటి ఒంటరిగా వెళ్లే స్త్రీకి అది ఉన్నా లేనట్టే.

అన్నిటికంటే గజిబిజి డబ్బుదే. ఏడెన్ బ్యాంకు కొత్త నోట్లు అచ్చేసింది. హౌతీలు 2020 జనవరి నుంచి తమ ప్రాంతంలో అవి చెల్లవన్నారు. దేశం ఒకటే, రియాలూ ఒకటే, కానీ పాత నోటుకి ఒక విలువ, కొత్త నోటుకి మరో విలువ. 2021 చివరికి డాలరుకి సనాలో 600 రియాళ్ల దరిదాపుల్లో ఉంటే ఏడెన్‌లో 1,700 దాకా పోయింది. యుద్ధానికి ముందు ఇది దేశమంతటా 215. ఏడెన్‌లో పనిచేసే కొడుకు సనాలోని తల్లికి డబ్బు పంపితే సగానికి పైగా దారిలోనే కరిగిపోయేది. అలాంటి దేశంలో 'కుటుంబానికి ఇన్ని రియాళ్లు' అన్న నిర్ణయం ఒక్క నెల పాతబడినా తప్పే. మారకం రేటులో మోసం ఒక్క యెమెన్‌దీ కాదు. సిరియాలో అసద్ ప్రభుత్వం బజారు రేటు కంటే బాగా తక్కువ రేటుకి డాలర్లు మార్చేలా ఐక్యరాజ్యసమితి సంస్థల్ని కట్టడి చేసి, 2020లో అక్కడ మార్చిన ప్రతి సహాయ డాలరు నుంచి 51 సెంట్లు మళ్లించుకుందని 2021లో పరిశోధకులు లెక్క తేల్చారు. ధర సరిగ్గా సేకరించి, చిట్టా సరిగ్గా వేసి, చివర్లో తప్పుడు రేటుతో గుణిస్తే ఆ పరిశ్రమంతా ఎవరి కోసం?

మన హైదరాబాదులో బార్కస్ అని ఒక పేట ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతివాళ్లు అక్కడ ఉంటారు. ఆ పేటలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉంది, ఖాలా అని పిలుస్తాను. ఆమె ఆడపడుచు కుటుంబం ముకల్లాలో ఉంది. జెడ్డాలో పనిచేసే ఖాలా కొడుకు అప్పుడప్పుడు వాళ్లకి డబ్బు పంపుతాడు. ఎంత పంపాలో నిర్ణయించేది ఖాలా. పంపే ముందు ఆమె ఫోన్ చేస్తుంది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. ఆమె వరసగా అడిగినవి ఇవి: ఇవాళ సౌదీ రియాలుకి ఎన్నొస్తున్నాయి? పిండి బస్తా ఎంత? బస్తా కొంటున్నావా, కిలోలు కొంటున్నావా? దుకాణంలో బాకీ ఎంతుంది? అతను ఇంకా అరువిస్తున్నాడా? నీళ్లు కొంటున్నారా, తెస్తున్నారా? పిల్ల బడికి వెళ్తోందా?

ఆఖరి ప్రశ్న ఎందుకని అడిగాను. "నీళ్లకి పంపేది పిల్లనే కదా. బడికి పోతోందంటే నీళ్లు కొంటున్నారన్నమాట" అంది. ఆడపడుచు మొహమాటపడి నిజం చెప్పదు, అందుకని ఇలా అడుగుతుందట.

పెద్ద పెద్ద సంస్థల ఫారాల కంటే ఈ ఫోన్ కాల్ మంచి సర్వే అని నేనంటే అతిశయోక్తి అనుకోవచ్చు. ఒక కుటుంబానికి సరిపోయేది లక్షల కుటుంబాలకి సరిపోదన్న సంగతి నాకు తెలుసు. కానీ ఖాలా అడిగినవన్నీ కొనేవాళ్లని అడగవలసిన ప్రశ్నలు, అమ్మేవాళ్లని కాదు.

దీనికి సంస్థల్లో పనిచేసేవాళ్లు చెప్పే సమాధానం నేను విన్నదే. డబ్బు పంచాక కుటుంబాలకి ఫోన్ చేసి, చాలిందా, ఏం కొన్నారు అని అడుగుతారు. నిజమే, అడుగుతారు. ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? పేరు ఎవరి మీద నమోదైంది? యెమెన్‌లో గుర్తింపు కార్డే లేని స్త్రీలు ఎందరో ఉన్నారు. కార్డు లేకపోతే డబ్బు తీసుకోవడానికి మగ బంధువు వెళ్లాలి. చాలిందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పేదీ అతనే. పైగా అది పంచాక అడిగే ప్రశ్న. ఎంత పంచాలని నిర్ణయించేటప్పుడు వినబడవలసిన గొంతు, ఫిర్యాదుల విభాగంలో వినబడుతోంది.

రెండో సమాధానం ఇంకా గట్టిది: సమయం లేదు. ఒక్కో ఊళ్లో ఇరవై మంది స్త్రీలతో కూర్చుని బాకీ పుస్తకాలు చూస్తూ పోతే రిపోర్టు మూడు నెలలకి వస్తుంది, అప్పటికి ధర మారుతుంది. సోమాలియా పిల్లల్ని గుర్తుచేసుకుంటే ఈ వాదనని కొట్టిపారేయలేను. తప్పుడు అంకె కంటే ఆలస్యపు అంకె మేలని చెప్పే ధైర్యం నాకు లేదు. నెలనెలా దుకాణాల సర్వే సాగాల్సిందే. కానీ అదే ఫారంలో ఇంకో నాలుగు గళ్లు పెట్టడానికి మూడు నెలలు పట్టవు. కిలో ధరతో పాటు ఆ ఊళ్లో ఎక్కువమంది కొనే చిన్న కొలత ధర. రొక్కం ధర, అరువు ధర. అరువు ఆపేశారా లేదా అన్నది. ఇవి దుకాణదారుని అడిగినా చెప్తాడు, ఈ లెక్కలు అతని పుస్తకంలోనే ఉంటాయి. కొన్ని సర్వేల్లో అరువు గురించి ఒక ప్రశ్న ఇప్పటికే ఉంది. అయితే అది వ్యాపారి పరిస్థితి తెలుసుకోవడానికే తప్ప ఇచ్చే డబ్బుని పెంచడానికి కాదు. ఆర్నెల్లకొకసారి, ప్రతిచోటా కాకుండా కొన్ని ఊళ్లలో, కొనే స్త్రీలతో స్త్రీలు మాట్లాడి చిట్టానే సరిచూడాలి. నీళ్లకి, కట్టెలకి ఎంత దూరం నడిచారో రాయాలి. ట్యాంకరు ధర చిట్టాలో ఉన్నప్పుడు, ట్యాంకరు లేనిచోట కూడా ఆ డబ్బుని కోయకుండా ఇవ్వాలి. మహ్రమ్ ఖర్చుని దాతలు బడ్జెట్‌లో ఒప్పుకోవాలి. ఆ నిబంధనని ఒప్పుకున్నట్టవుతుందని కొందరు మిత్రులు అంటారు. అదీ నిజమే. నాకూ మింగుడుపడదు. కానీ దాన్ని ధిక్కరించే భారమంతా జీతం కోసం వెళ్లే ఆ యెమెనీ అమ్మాయి మీద పెట్టి, మనం సూత్రం కాపాడుకోవడం నాకు ఇంకా మింగుడుపడదు.

ఆ అమ్మాయి గురించి ఇంకో మాట చెప్పాలి. ధర అడగడం అక్కడ ప్రమాదకరమైన పని అయిపోయింది. 2024 జూన్‌లో హౌతీలు ఐక్యరాజ్యసమితి సంస్థల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ పనిచేసే యెమెనీలను డజన్ల కొద్దీ పట్టుకుపోయారు. వాళ్లలో స్త్రీలూ ఉన్నారు. మోపిన నేరం గూఢచర్యం. 2025 జనవరిలో మరికొందరిని పట్టుకున్నారు. ఆ ఫిబ్రవరిలో ప్రపంచ ఆహార కార్యక్రమం ఉద్యోగి ఒకరు నిర్బంధంలోనే చనిపోయారు. ఏ ఊళ్లో ఏ సరుకు ఎంతుంది, రోడ్డు తెరిచి ఉందా, పెట్రోలు వచ్చిందా అని రాసుకునే మనిషి యుద్ధం చేసేవాడి కంటికి ఎలా కనిపిస్తుందో ఊహించగలం. ప్రశ్నలు పెంచమని హైదరాబాదులో కూర్చుని రాస్తున్న నేను, ఆ ప్రశ్నలు అడగవలసినవాళ్ల మెడ మీద ఏముందో మర్చిపోకూడదు. అందుకే కొత్త ప్రశ్నలు ఏవి, ఎవరు అడగాలి, ఏ ఊళ్లో అడగకూడదు అన్నది అక్కడి స్త్రీలే తేల్చాలంటాను.

దూరంగా ఉన్నవాళ్లు చేసిన నష్టం కూడా తక్కువేం కాదు. ఇథియోపియా కరువు తర్వాత 1985లో అమెరికా డబ్బుతో మొదలైన ఫ్యూస్‌నెట్ అనే కరువు హెచ్చరిక వ్యవస్థ ఉంది. ధరలు, వానలు, పంటలు చూసి ముందే హెచ్చరించడం దాని పని. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక ఆదేశంతో అది ఆగిపోయింది. దాని వెబ్‌సైటు కూడా మూతపడింది. కొన్ని నెలల తర్వాత కొంత భాగం తిరిగి తెరిచారు. సహాయం కోస్తే కోశారు, కానీ లెక్కపెట్టడం కూడా ఆపేస్తే ఆకలి ఉందని చెప్పడానికి పట్టిక కూడా మిగలదు. ఇంతసేపూ ఆ పట్టికల్లో లోపాలు ఎంచిన నేను ఇప్పుడు అవి ఉండాలని అడుగుతున్నాను. రెండూ ఒకేసారి అడగక తప్పదు. టెంపుల్ దొర కూలి తక్కువని కార్నిష్ వాదించగలిగాడంటే, కూలి ఇంత, ధాన్యం ఇంత అని కాగితం మీద ఉండబట్టే.

బార్కస్ ఖాలా పోయిన నెల మళ్లీ ఫోన్ చేసిందట. ఆడపడుచు ఈసారి పిండి ధర అడగకముందే చెప్పిందట, దుకాణదారు పాత బాకీలో సగం కడితేనే కొత్త అరువు పెడతానన్నాడని. ఖాలా కొడుకుకి ఫోన్ చేసి పంపే డబ్బులో బాకీ సగం కలిపించింది.

మహబూబ్‌నగర్ సర్వే ఫారాల్లో ఒకటి ఇంకా నా దగ్గరుంది, పాత ఫైలులో మొన్న దొరికింది. కందిపప్పు ఎదురుగా నా చేతిరాతలో కిలో ధర ఉంది. ఫారం చివర 'ఇతర విశేషాలు' అని రెండు లైన్ల ఖాళీ. అందులో నేను రాసింది ఇదీ: వాన వల్ల ఇవాళ సంత పలచగా ఉంది.